ముప్ఫై ఏడో నంబరు అతుకు

జినైదా ప్రోఖొరోవ్నాకు వెల్డింగు పదిహేడో ఏటే చేతికి అబ్బింది. అల్యూమినియం అతకడం అందరివల్లా కాదు. వేడి రవ్వంత ఎక్కువైతే కరిగి కారిపోతుంది, తక్కువైతే పట్టదు. ఆమె చేసిన అతుక్కి వంక పెట్టినవాడు సొంతూరు కుయిబిషెవ్‌లో లేడు. అందుకే పంతొమ్మిది వందల అరవై ఆరులో, చంద్రుడి మీదికి మనిషిని పంపే పెద్ద రాకెట్టు పనికని ఆమెను ఎడారిలో రాకెట్ల కోసం కట్టిన లెనిన్స్క్‌కు పంపారు. ఎందుకు పంపుతున్నారో కన్నతల్లికైనా చెప్పనివ్వలేదు. "గిన్నెల ఫ్యాక్టరీలో పనమ్మా" అని అబద్ధమాడి రైలెక్కింది. తల్లి ఆ మాట నమ్మే కన్నుమూసింది.

అక్కడ ఒక్కో ట్యాంకు ఇల్లంత ఉండేది, గుండ్రంగా. వెల్డరుకు ఒక ఉక్కు ముద్ర ఇచ్చేవారు. అతుకు పూర్తవగానే పక్కన సుత్తితో కొట్టి తన నంబరు వెయ్యాలి. జినైదాది ముప్ఫై ఏడు. నీళ్ల పరీక్ష అయ్యాక దాని పక్కన మేస్త్రీ తన ముద్ర కొడితే ఆ అతుకు పాసైనట్టు.

డెబ్భై ఒకటిలో ఒక ట్యాంకులో నీళ్లు నింపి పరీక్షిస్తే కింద కారింది. కారింది వాల్వు దగ్గర రబ్బరు వాషరు. అక్కడున్న ప్రతివాడూ కళ్లారా చూశాడు. కానీ ఆ వాషర్ల విభాగం పైఅధికారి బావమరిది చేతిలో ఉంది. కమిటీ వచ్చి తప్పు ముప్ఫై ఏడో నంబరు అతుకుదేనని తేల్చి, ట్యాంకు మీద ఎర్రరంగుతో పెద్ద ఇంటూ గుర్తు గీసిపోయింది. మేస్త్రీ యెఫీమ్ సవేలిచ్ నిజం తెలిసీ కమిటీ కాగితం మీద సంతకం పెట్టాడు. జినైదా ముద్ర లాక్కున్నారు. ఎక్కడ పనికెళ్లినా వెంట ఉండే ఉద్యోగ పుస్తకంలో "బాధ్యత లేకుండా పనిచేసినందుకు మందలింపు" అని రాసి, పనిముట్ల గదిలో రెంచీలు అందించే పనికి తోశారు.

సిగ్గుమాలినతనం అంతటితో ఆగలేదు. డెబ్భై నాలుగులో పైనుంచి హుకుం వచ్చింది, రాకెట్లన్నీ కోసెయ్యమని, కాగితాలు తగలబెట్టమని. అమెరికావాళ్లు చంద్రుడి మీద దిగి ఇంటికి కూడా పోయారు కదా, మనం ఆ పోటీలోనే లేమని పెద్దలు చేతులు దులిపేసుకున్నారు. ఎండకు మాడి, చలికి బిగుసుకుపోయి వేలమంది చేసిన పని షెడ్ల పైకప్పులైపోయింది.

డెబ్భై ఏడు ఏప్రిల్లో, ఏటా ఒక శనివారం అందరిచేతా జీతం లేకుండా చేయించే పనిలో, పనిముట్ల గదివాళ్లకు క్యాంటీను పందుల దొడ్డి శుభ్రం చేసే పని పడింది. దొడ్డి చూసుకునే ముసలి ఉస్తీన్యా అప్పటికే తిట్లు మొదలుపెట్టింది.

"ఈ తొట్టి చేసిన చేతులు పడిపోనూ! రెండేళ్లయింది, చుక్క కారదు. అడుగున బెజ్జమన్నా లేదు. కడగాలంటే బక్కెట్టుతో తోడి తోడి నా నడుం విరుగుతోంది."

జినైదా తిరిగి చూసింది. సగానికి కోసి వెల్లకిలా పడేసిన ట్యాంకు. నిండా నీళ్లు. పక్కన వెలిసిపోయిన ఎర్ర ఇంటూ గుర్తు. వంగి చేత్తో బురద తుడిచింది. ముప్ఫై ఏడు. పక్కన మేస్త్రీ ముద్ర చోటు ఖాళీ.

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. తొట్టికి బెజ్జం పెట్టడానికి డ్రిల్లు, సుత్తి పట్టుకుని సవేలిచ్ అప్పుడే వస్తున్నాడు.

"ఇలా రా సవేలిచ్. అతుకు తడిమి చూడు. తడి ఉందా?"

అతను తడిమాడు. "లేదు."

"ఆ రోజు ఉందా?"

సవేలిచ్ చెయ్యి ప్యాంటుకి తుడుచుకున్నాడు. "ఇప్పుడవన్నీ ఎందుకు జీనా..."

"నా పుస్తకంలో ఆ రాత కొట్టేయించు."

"దేన్ని చూపించి కొట్టేయించను? కాగితాలు లేవు. ట్యాంకు లేదు. అసలు రాకెట్టే లేదు."

"లేని రాకెట్టుకి నేను తప్పెలా చేశానయ్యా? పనేమో గాలికి పోయింది, నింద మాత్రం నా నెత్తిన నిలిచిందా? నీకు బోనసొచ్చింది, ఆ బావమరిదికి పతకమొచ్చింది. ఆరేళ్లుగా నేను రెంచీలు తుడుస్తున్నా. నీకు అన్నం ఎలా సహిస్తోంది?"

చుట్టూ ఊడుస్తున్నవాళ్లు ఇటు తిరిగారు. సవేలిచ్ డ్రిల్లు కింద పెట్టాడు. అతని బెల్టుకు తాళాల గుత్తి వేలాడుతోంది, అందులో అతని ముద్ర కూడా. జినైదా దాన్ని చూసింది.

"కాగితం మీద రాయలేవు. సరే. ఇక్కడ కొట్టు, ఈ నంబరు పక్కన."

"పందుల తొట్టి మీదా?"

"దీన్ని చంద్రుడి మీదికి ఎలాగూ పోనివ్వలేదు. ఇదే మిగిలింది. కొట్టు."

అతను అటూ ఇటూ చూశాడు. తరవాత ముద్ర ఆనించి సుత్తితో కొట్టాడు. మొదటి దెబ్బకి సరిగా పడలేదు.

"మళ్లీ కొట్టు" అంది జినైదా. రెండోసారి లోతుగా పడింది.

"గుర్తులు తరవాత వేసుకుందురు గాని, నా బెజ్జం సంగతేంటి?" అంది ఉస్తీన్యా.

జినైదా ఆ రెండు ముద్రల మీదా ఒకసారి వేలు పెట్టి చూసుకుంది. చీపురు అందుకుంది.

"పెట్టుకోండి అత్తా. నా అతుకు మీద మాత్రం పెట్టకండి."

సవేలిచ్ జానెడు దూరం కొలిచి, అక్కడ డ్రిల్లు ఆనించాడు.