కోరుట్ల ఇంట్లో ఏడుగురు

సిరిసిల్లలో పోశవ్వ నోటికి జడవని సేటు లేడు. ముప్పై ఏళ్లు మరమగ్గాల షెడ్లలో నూలు కండెలు చుట్టింది. కూలి ఎగ్గొట్టిన సేటు గడపలోనే కూర్చుని, అతని మూడు తరాల వాళ్లనూ పేరుపేరునా తలుచుకునేది. బడి ముఖం ఎరగదు. యాభై దాటాక మహిళా సంఘం వాళ్ల దగ్గర సంతకం ఒక్కటి నేర్చింది. ఆ మూడక్షరాలూ ఆమెకు మూడు తులాల బంగారం. ఎవరైనా వేలిముద్రకు సిరా డబ్బా జరిపితే, "నా ఏలు గంత సవుక గాదు" అని పెన్ను లాక్కునేది.

మగడు పోయాక అతని నాలుగు మగ్గాలూ పాత ఇనుము కింద పోయాయి. అద్దె రేకుల షెడ్డు ఖాళీగా మిగిలింది. ఒకనాడు బస్టాండులో శ్రావణి అనే పద్దెనిమిదేళ్ల పిల్ల మూట తలకింద పెట్టుకుని పడుకుని కనిపించింది. రుద్రంగి నుంచి మగ్గాల పనికి వచ్చిన పిల్ల. కార్ఖానా మూతపడితే, దానితో పాటు ఇచ్చిన గదీ పోయింది. ఊళ్లో సవతి తల్లి తలుపు తీయలేదు.

"ఆడపిల్లవు, బస్టాండ్ల పంటవా? సిగ్గుందా? లే, నడువు!" అని తిడుతూనే పోశవ్వ ఇంటికి తెచ్చుకుంది.

తర్వాత ఎల్లంతకుంట నుంచి, అలాగే ఉండ చోటు లేని శ్రవణ్ వచ్చాడు. ఏడాది తిరిగేసరికి ఏడుగురయ్యారు. మగ్గాలు పీకిన చోట చాపలు పడ్డాయి. నడుమ పాత చీరలు కట్టి ఆడపిల్లలకొక వైపు, మగపిల్లలకొక వైపు చేసింది. వాడకట్టు ఆడవాళ్లు ఇంటికో పిడికెడు బియ్యం చొప్పున ఆమె కుండలో వేసేవారు. వెయ్యని వాళ్ల గుమ్మం ముందు నిలబడి, వేసేదాకా పోశవ్వ దగ్గేది.

అంతలో షెడ్డు యజమాని గోదాము పెట్టుకుంటానని, దసరాకల్లా ఖాళీ చెయ్యమన్నాడు. ఏడుగురూ మళ్లీ బస్టాండు పాలయ్యేలా ఉన్నారు. సరిగ్గా ఆ వారమే కోరుట్ల నుంచి లక్ష్మీరాజం కారు దిగాడు. ఏదో సేవా సంఘం పెట్టుకున్న మనిషి. తెల్ల చొక్కా, తేనె మాట.

"అవ్వా, పోరగాండ్లు రోడ్డున పడకుండ సూసుకునే సంఘాలకు సర్కారు పైసలిస్తున్నది. నీ అసొంటోళ్లకే. కాయితాలన్నీ నేనే తయారు జేసిన. నువ్వు సంతకం వెట్టు, సాలు."

గా కాయితంల ఏం రాసినవురా అని నోటిదాకా వచ్చింది. చదివి చెప్పమంటే తనకు చదువు రాదని వాడి ముందు ఒప్పుకున్నట్టే. పోశవ్వ కళ్లజోడు సవరించుకుంది. కాగితాన్ని పైనుంచి కిందికి చదివినట్టే చూసింది. మూడక్షరాలూ గుండ్రంగా పెట్టింది. పిల్లల ఆధార్ నకళ్లు, చాపల మీద కూర్చోబెట్టి తీసిన ఫోటో అతను పట్టుకుపోయాడు.

రెండు నెలలు ఉలుకూ పలుకూ లేదు. పోశవ్వ సిరిసిల్ల సర్కారు ఆఫీసుకు వెళ్లి అడిగితే గుమస్తా కంప్యూటరు చూసి అన్నాడు:

"అవ్వా, గీ ఏడుగురు నీ దగ్గర లేరు గదా! కోరుట్లల లక్ష్మీరాజం సారు ఇంట్ల ఉంటున్నరని జగిత్యాల జిల్లా లిస్టుల ఉన్నది. ఆయనకు అప్పజెప్పినట్టు నువ్వే సంతకం వెట్టినవ్. మూడేండ్లకు పైసలు మంజూరైనయి. శుక్రారం తనిఖీ మేడం సూడబోతదట."

తన సంతకమే తన చెంప పగలగొట్టింది. పోశవ్వ ఆ పూట అన్నం ముట్టలేదు.

"కేసు పెడుదాం అవ్వా" అన్నాడు శ్రవణ్.

"పెడితే? తీర్పు అచ్చేదాక వాడు ఏసీల పంటడు, మీరు బస్టాండ్ల పంటరు. వానికి కేసు సాలదు. మూటలు గట్టుర్రి."

శుక్రవారం తొలి బస్సుకు ఎనిమిది మందీ ఎక్కారు. రుద్రంగి దాటేటప్పుడు శ్రావణి తల ఎత్తలేదు. పోశవ్వ మాత్రం కిటికీలోంచి ఆ ఊరి వైపు చూసి ఉమ్మింది.

కోరుట్లలో లక్ష్మీరాజానికి రెండంతస్తుల ఇల్లు. హాల్లో కొత్త చాపల మీద అతని బామ్మర్ది పిల్లలూ వాళ్ల దోస్తులూ ఏడుగురు, దిక్కులేని వాళ్లలా కనబడాలని మాసిన బట్టలు తొడుక్కుని కూర్చున్నారు. చేతుల్లో ఫోన్లు మాత్రం తళతళలాడుతున్నాయి.

"లేవుర్రి నాయినా, అసలోళ్లు అచ్చిర్రు" అంది పోశవ్వ గుమ్మంలోంచి.

లక్ష్మీరాజం ఉరికి వచ్చాడు. "అవ్వా, నీకు దండం పెడత, లోపలికి రా, మాట్లాడుకుందాం..."

అతని మాట పూర్తికాకముందే జీపు ఆగింది. మాసిన బట్టల పిల్లలు వెనక గుమ్మం నుంచి జారుకున్నారు. తనిఖీ అధికారి సంధ్యారాణి దిగింది. ఇక అవ్వ నోరు తెరుస్తుంది, వీధంతా పోగవుతుంది అని ఆమె వెంట వచ్చిన ఏడుగురూ అనుకున్నారు. లక్ష్మీరాజం చొక్కా వీపుకు అతుక్కుపోయింది.

పోశవ్వ రెండు చేతులూ జోడించింది.

"మేడం, గీ సారు మనిషి గాదు, దేవుడు. దిక్కులేని పోరగాండ్లను సొంతింట్ల వెట్టుకున్నడు. పై అంతస్తంత ఆడపిల్లలకిచ్చిండు. గీ హాలు మొగపిల్లలకు. నన్ను వంటకు వెట్టుకున్నడు. మూడేండ్లు ఎవ్వల్నీ కదలనియ్యనని ఒట్టు వెట్టిండు. గంతే గద సారూ?"

"నిజమేనా అండీ?" అంది సంధ్యారాణి.

కాదంటే జైలు. ఔనంటే ఇల్లు పోయినట్టే. దొంగకు తేలు కుట్టింది, అరవడానికి లేదు.

"ఔ... ఔను మేడం."

ఆమె ఆధార్ కార్డులు సరిచూసింది, పై గదులు చూసింది. "నెలనెలా వస్తం. ఒక్కరు తక్కువున్నా మీరే జవాబు చెప్పాలె" అని వెళ్లిపోయింది.

జీపు మలుపు తిరిగిందో లేదో, లక్ష్మీరాజం కాళ్ల మీద పడ్డంత పనిచేశాడు. "తప్పైంది అవ్వా. మంజూరైనదంత నీకే ఇస్త. వీళ్లను సిరిసిల్లకు తోల్కపో."

"మొన్నటిదాక ఆ పైసలే అడిగేదాన్ని. ఇప్పుడు నాకద్దు. వీళ్లను సూపి సర్కారును దోసుకుంటివి. ఇగ నువ్వే సాకు."

ఇది జరిగి తొమ్మిది నెలలు. శ్రావణి కుట్టుమిషను పని నేర్చి పట్టణంలో దుకాణానికి పోతోంది. శ్రవణ్ ఐటీఐలో చేరాడు. పై గదులు పోయిన కోపంతో లక్ష్మీరాజం భార్య ప్రేమలత జగిత్యాలలోని పుట్టింటికి పోయి కూర్చుంది. వండిపెట్టే దిక్కు లేక, అతనూ ఇప్పుడు పోశవ్వ పంక్తిలోనే కంచం పట్టుకుని కూర్చుంటాడు, చిట్టచివర. జాలి పడమని ఇరుగుపొరుగు చెప్పి చూశారు. వాళ్లకూ నాలుగు తిట్లు దక్కాయి.

మొన్న వంకాయ కూర నచ్చి, "అవ్వా, ఇంకింత ఎయ్యి" అన్నాడు.

"సర్కారు లిస్టుల ఏడు పేర్లే ఉన్నయి. అండ్ల నీది లేదు" అని పోశవ్వ గిన్నె మీద మూత పెట్టింది.