నూటపద్నాలుగు చేతులు

కార్మిక సంఘం ఆఫీసులో ఆయన్ని పాతకాపు అంటారు. స్మాల్‌టాక్ అనే పాత కంప్యూటరు భాషలో ప్రోగ్రాము రాసేవాడు అక్కడ ఆయనొక్కడే. సందేహమొస్తే అడిగే తోడు లేక కంప్యూటరు తెరతోనే గొణుక్కుంటాడు. యంత్రాల్లో వేళ్లు పోగొట్టుకున్న నూటపద్నాలుగు మంది చేతుల ఎక్స్‌రేలు నష్టపరిహారం వెబ్‌సైటుకు పంపడానికి ఆ రోజే గడువు. ప్రోగ్రాము నూటపద్నాలుగూ పంపింది, అన్నిటికీ "అందింది" అని జవాబొచ్చింది. అలవాటుకొద్దీ ఒకదాన్ని వెనక్కి దించుకుని తెరిస్తే బొమ్మే లేదు. ప్రోగ్రాము చేత బొమ్మల్ని అక్షరాల్లా చదివించి పాడుచేసిన తప్పు తనదే.

"అందిందని వాళ్లే అన్నారుగా, మీకెందుకు మాస్టారూ ఈ తలనొప్పి?" అంది సంఘం కార్యదర్శి, ఇంటికి బయల్దేరుతూ.

"అందింది చెత్తమ్మా. రేపు ఎక్స్‌రే లేదన్న సాకుతో వీళ్ల నోరు కొడతారు."

ప్రోగ్రాములో ఒక్క మాట మార్చి మళ్లీ పంపాడు. ఖాళీ గదిలో కూర్చుని, చేరిన ప్రతి చేతినీ తెరిచి చూసుకున్నాడు. ఇప్పుడాయన ఆ ఎముకలన్నిటినీ గుర్తుపట్టగలడు. వీధిలో ఎదురైతే మాత్రం ఒక్క మొహమూ తెలియదు. వాళ్లకూ ఈయన తెలియడు.