మగ్గం ఆగిన మధ్యాహ్నం

ఇనుము మీద ఇనుము కొట్టినట్టుండే జర్మనీ బ్యాండ్ల ఇండస్ట్రియల్ పాటలంటే నాకు ప్రాణం. కానీ ధర్మవరంలో మా ఇంట్లో వాటికి చోటు లేదు. సీడీ పెడితే చాలు, అవ్వ మొదలుపెడుతుంది: "ఆ రేకులు కొట్టేది ఆపప్పా, తలకాయ నొస్తాండాది."

ఈ రోజు పడుగు దారాలు అయిపోయి ఇంట్లో మా పవర్‌లూమ్ ఆగింది. దాని చప్పుడు లేనిదే అవ్వకు మధ్యాహ్నం కునుకు పట్టదు. చాప మీద అటూ ఇటూ దొర్లుతూనే ఉంది. ఎలాగూ నిద్రపోవడం లేదు కదా, తిడితే తిట్టిందిలే అని కంప్యూటర్‌లో నా పాటలు గట్టిగా పెట్టాను. తిట్లు రాలేదు. తిరిగి చూస్తే అవ్వ గురక పెడుతోంది!

సీడీ అయిపోగానే దిగ్గున లేచి కూర్చుంది.

"ఎందుకు నిలిపినారప్పా మగ్గం?"

"మగ్గం కాదవ్వా, నా పాటలు. నువ్వు రేకులు కొట్టేది అంటావే, అవే."

అవ్వ "సరే, మళ్లా పెట్టు" అని అటు తిరిగి పడుకుంది.

ఇన్నేళ్లకు ఈ ఊళ్లో నాకొక తోటి అభిమాని దొరికింది, కాకపోతే నిద్రలోనే వింటుంది. మెలకువగా ఉండి వినేవాళ్లు మీలో ఎవరైనా ఉంటే చెప్పండి, సీడీ నేనే తెచ్చిస్తాను.