కిటికీ మాట

ఏడేళ్లుగా ఇది నా దగ్గరే ఉంది. మోస్తున్నాను అని రాయబోయి ఆగాను. మోసింది ఆమె. నేను దాచానంతే. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

ఫలక్‌నుమాలో మాదొక చిన్న రేడియో. బస్తీవాళ్లే మాట్లాడతారు, బస్తీవాళ్లే వింటారు. నల్లా నీళ్ల నుంచి ఎన్నికల దాకా, పెళ్లి పాటల నుంచి కూలీల కష్టాల దాకా అన్నీ వేస్తాం. మాకొక కట్టుబాటుంది. రికార్డు చేసింది మాట్లాడినవాళ్లకు ముందు వినిపించాలి. విన్నామని, వెయ్యమని వాళ్లు తమ గొంతుతోనే చెప్పాలి. అదీ రికార్డయ్యాకే ప్రసారం. సంతకం రానివాళ్లు ఎక్కువ కాబట్టి పెట్టుకున్న పద్ధతి. పెట్టినవాళ్లలో నేనూ ఒకణ్ని.

మెహర్ ఆపా మా బస్తీ అందరికీ అక్క, లక్క గాజులు చేసేది. ఒకసారి మాకు పెళ్లి పాటలు పాడింది. విని ఒప్పుకుంది, వేశాం. రెండోసారి తన పని గురించి మాట్లాడింది. వేడి లక్కకు వేళ్ల గీతలు చెరిగిపోయాయని, రేషన్ మెషిన్ తన వేలిముద్ర తీసుకోవడం లేదని చెప్పింది. గాలి తగిలితే లక్క గట్టిపడుతుందని యజమాని కిటికీకి మేకులు కొట్టించాడట. ఆ పొగలోనే పదిమంది ఆడవాళ్లు పొద్దంతా కూర్చోవాలట. లేచేటప్పుడు నా చెయ్యి పట్టుకుని, పేరు చెప్పొద్దని, ఆ కిటికీ మాట తీసెయ్యమని అడిగింది. అలాంటి కిటికీ ఆ ఒక్క కార్ఖానాలోనే ఉంది మరి. తీసేసి వినిపిస్తానన్నాను.

తీయలేదు. వినిపించలేదు.

ఎందుకు? నిజం చెప్పడం మన పని కదా అనుకున్నానా? అబద్ధం. ఆ మాట విని జనం నన్ను మెచ్చుకోవాలి, అదీ అసలు సంగతి. ఆపా కార్వాన్‌లో చుట్టాల పెళ్లికి వెళ్లింది. రెండు రోజులాగితే వచ్చేది. నేను ఆగలేదు. పాటలప్పుడు ఆమె ఇచ్చిన ఒప్పుకోలును కోసి తెచ్చి, దీని చివర అతికించాను. చాయ్ చల్లారేలోపు పనైపోయింది. ఛీ! వేలిముద్ర చెరిగిన మనిషికి మిగిలిన సంతకం ఆ గొంతొక్కటే. దాన్నే నేను ఫోర్జరీ చేశాను.

కార్ఖానాలోనూ మా రేడియోనే మోగుతుంది. యజమాని విన్నాడు, పేరు చెప్పకపోయినా కిటికీ మాటతో ఆ గొంతు ఎవరిదో పట్టేశాడు. పెళ్లి నుంచి తిరిగి రాగానే ఆపాను పనిలోకి రావద్దన్నాడు. పక్క కార్ఖానాలవాళ్లూ గడప తొక్కనివ్వలేదు.

ఆపా కోపంగా రేడియోకొచ్చి, తనకు వినిపించకుండా ఎట్లా వేశారని అందరి ముందూ నిలదీసింది. నేను ఆ అతికించిన ఒప్పుకోలు ముక్క పెట్టాను. ఇంకోసారి పెట్టమంది. పెట్టాను.

"నా గొంతే భయ్యా. ఎప్పుడు చెప్పిన్నో యాదికొస్తలేదు. నేనే మర్చిపోయినట్టున్న. ఊకె నీ మీద లొల్లి చేసిన, మాఫ్ చెయ్."

"అయితయి ఆపా గిట్ల. ఫికర్ చెయ్యకు," అన్నాను.

చూశారా, నేను ఆమెను క్షమించాను! పెద్దమనిషిని కదా. ఆమె పని పోగొట్టడం ఒక తప్పు. తన జ్ఞాపకం మీద తనకే నమ్మకం లేకుండా చేశానే, దాన్ని ఏమనాలి?

ఆ కార్యక్రమానికి చప్పట్లు కొట్టారు, నాకు శాలువా కప్పారు. కొత్తగా చేరినవాళ్లకు అనుమతి తీసుకోవడం గురించి పాఠం చెప్పేది ఇప్పటికీ నేనే. మైకు ముందు న్యాయం, హక్కులు అంటుంటే నా నోటి కంపు నాకే కొడుతుంది. ఆపా ఇప్పుడు ఇంట్లో కూర్చుని కూలికి ఎవరిదో వెల్లుల్లి ఒలుస్తోంది. బార్కస్ దారిలో ఎదురైతే సలాం చెప్పి, తనది మతిమరుపు బుర్ర అని నవ్వుతుంది. నేనూ నవ్వుతాను.

పని గురించి రికార్డు చేసిన రోజు ఆమె లేచేటప్పుడు నేను మైకు ఆపలేదు. కిటికీ మాట తీసెయ్యమని అడిగింది కూడా రికార్డయింది. దాన్ని చెరిపెయ్యలేదు, ఎవరికీ వినిపించనూలేదు. నిన్న తలుపేసుకుని విన్నాను. ప్రతి మాటా స్పష్టంగా ఉంది.

మెహర్ ఆపా ఏదీ మర్చిపోలేదు. ఆమె ఒప్పుకోలేదు. ఈ రెండు వాక్యాలు రాయడానికి నాకు ఏడేళ్లు పట్టింది. ఇప్పుడు కాస్త ఊపిరాడుతోంది. అందుకు కూడా నా మీద నాకు రోతగానే ఉంది.