మరిది తాగిన మందు

"వదినా, ఆ పిల్ల తాగిన మందు మన కామారెడ్డిల దొరుకుతదా?"

అన్నం కలుపుతున్న నా చెయ్యి ఆగిపోయింది. అడిగింది మా మరిది. చదువుకు సెలవులిస్తే ఇంటికొచ్చాడు. మీసం ఇంకా సరిగా రాలేదు.

కాలేజీలో చదివిన ఒక ఇంగ్లీషు విషాద నాటకాన్ని పిల్లలకు అన్నం తినిపిస్తూ కథగా చెబుతున్నాను. పగబట్టిన రెండిళ్ళ పిల్లా పిల్లవాడూ చూసుకున్న మర్నాడే పెళ్ళి చేసుకుంటారు. పిల్ల శవంలా నిద్రపుచ్చే మందు తాగుతుంది. నిజంగానే పోయిందనుకుని అతను విషం మింగుతాడు. లేచి చూసి ఆమె కూడా ప్రాణం తీసుకుంటుంది. మా పిల్లలు తర్వాతి ముద్దకు నోరు తెరిచారు. మరిది కళ్ళు తుడుచుకున్నాడు.

అతనికి ఎల్లారెడ్డి ఊరి పిల్లతో పెళ్ళి ఖాయమైంది. ముహూర్తం వేసవిలో. కాదన్నవాళ్ళెవరూ లేరు. అదే అతని బాధ.

"ఒక్కలన్న అడ్డం రావాలె గద వదినా. అందరు సరే అంటే గది ప్రేమెట్లయితది?"

మర్నాడు పొద్దున అతను ఇంట్లో లేడు. నాటు మందులిచ్చే హకీం దగ్గర ఏదో సీసా తీసుకుని ఎల్లారెడ్డి బస్సెక్కాడని పాలు పోసే ఆమె చెప్పింది. మా వారు ఊళ్ళో లేరు. పెండ్లికూతురి రవిక కొలతలు తెస్తానని అత్తగారికి చెప్పి, పిల్లలను ఆమెకు అప్పగించి తర్వాతి బస్సెక్కాను. దారి పొడవునా కళ్ళ ముందు రెండు పాడెలు.

ఆ ఇంటి వాకిట్లో పిల్ల నాయనమ్మ తాపీగా చింతపండు గింజలు తీస్తోంది.

"మంచిగొచ్చినవ్ బిడ్డా. దర్వాజ తెరిచే ఉన్నది, మీ మరిది గోడ దుంకి వచ్చిండు. అల్లుడు గదా అని కాళ్ళకు నీళ్ళిచ్చినం. గప్పటిసంది చెంబు ఇడుస్తలేడు."

పిల్ల నన్ను లోపలికి పిలిచి చెప్పింది. "సీసా నన్ను తాగుమన్నడక్కా. మొగడు తిన్నంకనే పెండ్లాం తినాలని మా నాయనమ్మ చెప్పింది గదా. గందుకే మీరు ముందు తాగుండ్రి అన్న. నాకు సుక్క గూడ మిగల్చలే."

పెరట్లోంచి మరిది గోడ పట్టుకుని వచ్చాడు. "హకీం సాబుకు అంత చెప్పిన వదినా. వేడి తలకెక్కింది, ఇది తాగితే దిగుతదన్నడు. గా నిద్ర మందే అనుకున్న."

అప్పుడు నాకు ఊపిరాడింది. హకీం ఇచ్చింది జులాబు, కడుపు కడిగే మందు.

"గంత తొందరుంటే ముహూర్తం ముందుకు జరుపుదామా అల్లుడా?" అంది నాయనమ్మ.

"వేసవి దాంక ఆగుత అవ్వా," అని అతను మళ్ళీ చెంబు అందుకున్నాడు.

సాయంత్రం బస్సులో తీసుకొచ్చాను. డ్రైవరు మంచివాడు, అడిగిన చోటల్లా ఆపాడు.

మర్నాడు పొద్దున, చిన్నబాపు వట్టి మజ్జిగన్నమే ఎందుకు తింటున్నాడని పిల్లలడిగారు. ఇద్దరినీ దగ్గర కూర్చోబెట్టుకున్నాను.

"గా కథల ఇద్దరు ప్రేమ ఎక్కువై సచ్చిపోలే. జరసేపు ఆగలేక సచ్చిపోయిండ్రు. ఆమె లేసేదాంక ఆయన పక్కన కూసుంటే సరిపోతుండె. రేపు మీకు ఎవరి మీదన్న మనసైతే ముందుగాల నాకు చెప్పుండ్రి, నేనేం కొట్ట. ఇప్పటికైతే ఇంట్ల ఏ సీసా మూత తియ్యకుండ్రి."