మా పెదనాన్న అడిగిన మాట

నా చిన్నప్పుడు మా ఊళ్ళో సముద్రం చూసినవాడు మా పెదనాన్న ఒక్కడే. తమిళనాడులో కృష్ణగిరి పక్కన, కావేరిపట్టణం దగ్గర మెట్ట ఊరు మాది. మామిడి, రాగి తప్ప ఇంకేమీ తెలియని ఆ ఊరి నుంచి ఆయన నేవీలో చేరి ఏళ్ళ తరబడి ఓడల మీద తిరిగాడు. సెలవుకు వచ్చినప్పుడు ఆయన కొడుకు తండ్రి భుజం దిగేవాడు కాదు. నాకంటే ఏడాది పెద్దవాడు, నేను అన్నా అని పిలిచేదాన్ని.

ఆ పిల్లవాడు జ్వరంతో పోయాడు. కృష్ణగిరి పెద్దాసుపత్రికి తీసుకువెళ్ళినా దక్కలేదు. అప్పుడు పెదనాన్న ఓడ నడిసముద్రంలో ఉంది. కబురు అంది, ఆయన రైలెక్కి ఇల్లు చేరేసరికి గోతి మీద మట్టి కూడా ఆరిపోయింది. కొద్ది రోజులుండి మళ్ళీ డ్యూటీకి వెళ్ళిపోయాడు.

సర్వీసు ముగించుకుని ఆయన ఇంటికి వచ్చేశాక, ఆయన ముందు ఆ పిల్లవాడి పేరు ఎవరూ ఎత్తకూడదని మా అవ్వ అందరికీ గట్టిగా చెప్పింది. వాడి బట్టలు అంతకుముందే ఎవరికో ఇచ్చేశారు. మా పెద్దమ్మ, అంటే వాడి తల్లి, మాట్లాడటమే మానేసింది. పొయ్యి దగ్గర కూర్చుంటే, ఎవరైనా పిలిస్తే తప్ప లేచేది కాదు.

ఒక మధ్యాహ్నం అందరం సంగటి తింటున్నాం. నేను ముద్దను పడవలా నొక్కి పులుసులో పెట్టాను. ఏం ఆట అది అని పెదనాన్న నవ్వుతూ అడిగాడు.

"అన్న నేర్పించినాడు పెదనాయనా. ఇది మా నాయన కప్పల్ అని ఊదుతా ఉండె" అన్నాను. మా వైపు ఓడను అలాగే అంటాం.

అందరి చేతులూ ఆగిపోయాయి. అవ్వ నా వీపు మీద ఒక్కటి వేసింది. పెదనాన్న ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"కొట్టొద్దమ్మా. వచ్చినప్పటి నుంచీ చూస్తా ఉండాను, ఈ ఇంట్లో ఒక్కరైనా వాని మాట ఎత్తుతారేమో అని." నా వైపు తిరిగాడు. "చెప్పమ్మా. ఇంకా ఏం చేస్తా ఉండె వాడు?"

ఏడుపు మింగుకుంటూ చెప్పాను. బస్సు వస్తే రోడ్డు పక్కన నిలబడి సెల్యూట్ కొట్టేవాడని, పన్ను ఊడిన సందులోంచి ఈల వేసేవాడని, పుల్ల మామిడికాయ కొరికితే ఒక కన్ను మూసుకునేవాడని. ప్రతిదానికీ ఆయన, ఇంకా చెప్పమన్నట్టు, "మళ్ళా?" అనేవాడు. సెలవుల్లో తప్ప కొడుకును చూసుకోని మనిషి. చేతికి అంటిన సంగటి ఎండిపోతున్నా లేవలేదు. నాకు తెలిసినవన్నీ అయిపోయాక కూడా "మళ్ళా?" అన్నాడు.

అప్పుడు పొయ్యి దగ్గర నుంచి పెద్దమ్మ గొంతు వినిపించింది. "నిద్రలో కాలు నా మీద వేస్తా ఉండె." ఆమె లేచి వచ్చి ఆయన ఎదురుగా కూర్చుంది.

ఆయన ఆమెను అడిగాడు. "జ్వరంలో నన్ను అడిగినాడా?"

ఆమె తల ఊపింది. "అడిగినాడు. బస్సు చప్పుడైతే చాలు, అడిగినాడు. తెల్లారితే వస్తాడు అని చెప్తా ఉంటి."

ఆయన గోడకు తల ఆనించి పెద్దగా ఏడ్చాడు. అంత పెద్ద మగవాడు ఏడవడం నేను అంతకుముందు చూడలేదు. పెద్దమ్మ ఆయన మోకాలి మీద చెయ్యి వేసి తనూ ఏడ్చింది. నా వల్లే ఇదంతా జరిగిందని భయపడి ధాన్యపు గదిలో నక్కాను. సాయంత్రం ఆయనే వెతుక్కుంటూ వచ్చి నన్ను ఎత్తుకున్నాడు. "నువ్వు ఈ పొద్దు నాకు నా కొడుకును చూపించినావు. ఏం గుర్తొచ్చినా నాకు వచ్చి చెప్పు" అన్నాడు.

ఆ రోజు నుంచి పెద్దమ్మ మెల్లగా మాట్లాడసాగింది. కొన్నేళ్ళకు వాళ్ళకు కూతురు పుట్టింది, నాకు చెల్లెలు. దానికి తల దువ్వడం, జడలు వేయడం అన్నీ పెదనాన్నే. మామిడికాయలు కృష్ణగిరి మండీకి వేసుకుపోయినా, ఎవరు ఎంత బలవంతం చేసినా, చీకటి పడేలోగా ఇల్లు చేరేవాడు. మళ్ళీ ఒక్క రాత్రి కూడా ఆయన ఇంటికి దూరంగా పడుకోలేదు.

పెద్దమ్మ పోయాక హోసూరులో ఆ కూతురి దగ్గరే ఉండిపోయిన ఆయన, ఈ వేసవిలో ఆమె ఇంట్లోనే కన్నుమూశాడు. నేను వెళ్ళేసరికి ఇంటి నిండా జనం. ఎండల గురించి, హైవే మీద ట్రాఫిక్ గురించి మాట్లాడుకుంటున్నారు. "వాళ్ళ నాయన మాట ఆమె ముందు ఎత్తొద్దక్కా, తట్టుకోలేదు" అని ఒకామె నా చెవిలో చెప్పింది. మర్చిపోయిన వాళ్ళకు కదా గుర్తు చేయడం, తండ్రిని ఆమె ఎక్కడ మరిచింది? చెల్లెలి పక్కన కూర్చుని, "నువ్వు పుట్టినప్పుడు మీ నాయన నిన్ను ఎత్తుకోని, నేను ఈడనే ఉంటాను, యాడికీ పోను అని నీ చెవిలో చెప్పినాడు. నేను విన్నాను" అన్నాను. పొద్దుటి నుంచి రాయిలా కూర్చున్న పిల్ల నా ఒళ్ళో తల పెట్టుకుని బావురుమంది.

నాకిప్పుడు అరవై దాటాయి. చావు జరిగిన ఇంట్లో ఓదార్పు మాటలు చెప్పడం నాకు ఈనాటికీ రాదు. పోయినవాళ్ళ పేరెత్తి, నేను చూసింది చెబుతాను. పెదనాన్నను నాలాగా ఎరిగిన అవ్వా ఇప్పుడు లేదు, పెద్దమ్మా లేదు. ఆయన గురించి చెప్పడానికి నేనూ, వినడానికి చెల్లెలూ మిగిలాం. అందుకే వారానికోసారి హోసూరు బస్సు ఎక్కుతున్నాను.