శ్రావణి 'మీరు' అంటే

మొన్న ఫోన్ చూసుకుంటూ తెనాలిలో మా వీధి చివర కొత్త టైలర్ షాపు ముందునుంచి నడుస్తున్నాను. మిషన్ నూనె వాసన గుప్పుమంది. వేలు స్క్రీన్ మీదే ఆగిపోయింది. రేపల్లెలో పెద్దత్తయ్య ఇల్లంతా ఇదే వాసన. నా భార్య శ్రావణిని పెంచిన పెద్దమ్మ ఆవిడ. జాకెట్లు కుట్టేది. పోయిన వానాకాలంలో చనిపోయింది.

శ్రావణికి బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్ అని డాక్టర్ చెప్పిన రోజు ఫోన్లో దొరికిందల్లా చదివేశాను. వదిలేసి పోతారేమోనన్న భయం, ప్రేమ కాస్తా క్షణంలో కోపమైపోవడం, అన్నీ రాశారు. ఆ జబ్బు మా ఇంట్లో ఎలా మాట్లాడుతుందో మాత్రం ఎవరూ రాయలేదు. నేను చిరాకు పడుతుంటే తన ఫోన్లో నా పేరు 'కుక్కర్' అని మార్చి నవ్వించే మనిషి శ్రావణి. మామూలుగా నన్ను "ఒరేయ్" అంటుంది. తేడా వస్తే "మీరు".

ఓ సాయంత్రం బాపట్ల బీచ్‌లో ఆఫీసు కాల్ వస్తే పక్కకెళ్ళి మాట్లాడొచ్చాను. అప్పటిదాకా నా భుజానికి ఆనుకుని కూర్చున్న మనిషి లేచి నిలబడింది.

"మాట్లాడుకోండి. నేనెవరినండి మీకు? మీరు వెళ్ళిపోతారని నాకు ముందే తెలుసండి."

హైదరాబాద్‌లో పెరిగినవాణ్ణి, నా చెవికి ఆ మర్యాద వెటకారంలాగే వినిపించి ఒళ్ళు మండిపోయింది. "అవును, పోతున్నా!" అని అరిచాను. తనని ఇంట్లో దింపి, మర్నాడు పొద్దున్నే బ్యాగు సర్దుకుని రేపల్లె బస్సెక్కాను.

"మీ అమ్మాయిని మీరే ఉంచుకోండి అత్తయ్యా. నావల్ల కాదు."

ఆవిడ మిషన్ ఆపలేదు. "ముందు ఆ ఫోన్ పక్కన పెట్టు అల్లుడూ, పిసికేస్తున్నావ్, పగిలిపోద్ది. ఇంతకీ ఏమంది?"

"మీరు, అండి అంటూ వెటకారం చేసింది."

మిషన్ ఆగింది.

"వెటకారం కాదయ్యా. వాళ్ళమ్మ దీన్ని నా దగ్గర వదిలేసి వెళ్ళిపోయినప్పుడు, ఇంత పిల్ల, నన్నూ అలాగే అడిగింది. 'అన్నం పెడతారాండి' అని. ఉండనిస్తారో లేదో తెలీని ఇంట్లోనే ఎవరైనా అంత మర్యాదగా ఉంటారు."

ఫోన్ జేబులో పెట్టుకుని అడిగాను. "అయితే తిట్టినా పడాలా?"

"ఎందుకు పడాలి? తిట్టొద్దని చెప్పు. వినకపోతే వరండాలో కూచో. డాక్టర్ దగ్గరికి మానకుండా తీసుకెళ్ళు. నిజంగా పోవాలనుంటే పో, నేనేం అనను. బెదిరించడానికి మాత్రం ఆ మాట అనకు."

మధ్యాహ్నం బస్సుకే తెనాలి తిరిగొచ్చాను.

నా కోపం ఎక్కడికీ పోలేదు. గొంతు ఇప్పటికీ లేస్తుంది. 'పోతున్నా' అనే ఆ ఒక్క మాట మానేశాను, అంతే. శ్రావణి ఇప్పుడు డాక్టర్ దగ్గరికి తనంతట తనే వెళ్తోంది. "ఎన్నాళ్ళురా ఇలా?" అని ఫ్రెండ్స్ మెసేజ్ పెడతారు. నాకు మాత్రం ఉండాలనే ఉంది.

నిన్న బాపట్ల నుంచి వస్తుంటే రైలు దారిలో నిడుబ్రోలులో ఆగిపోయింది. శ్రావణి ఫోన్.

"రాకండి. నాకెవరూ అక్కర్లేదండి."

నోటిదాకా వచ్చిన ఆ పాత మాట మింగేశాను. "తలుపేసుకో. నా దగ్గర తాళం ఉంది. వస్తున్నా."

రైలు దిగి బస్సెక్కాను. సీటు లేదు. తెనాలి దాకా నిలబడే వచ్చాను.